పెరట్లో దొరకు వేసిన ఆకు

రంగూన్ శివారు తాకేటాలో మా పక్కింటి మంగాయమ్మ మామ్మ ఇడ్లీలు అమ్ముతుంది. ఎవరినీ నమ్మదు. నేనూ అంతే. 1989లో మనుషుల్ని నమ్మినవాళ్లు జైల్లో ఉన్నారు. ముందటేడు సర్కారుకు ఎదురుతిరిగిన ఊరేగింపుల్లో నడిచిన ఆమె మనవడు దాసు వంటింటి అటక మీద దాక్కున్నాడు. కాలేజీలకు సర్కారు తాళాలు వేసింది. నేను అంతకు ముందే మానేశాను కాబట్టి నాకు పెద్ద తేడా లేదు. మామ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటమే నా పని.

అలా చూస్తుండగా అప్పలస్వామి వచ్చాడు. తెలుగువాడే, ఇస్త్రీ చొక్కా. లండన్‌లో ఒకావిడ తన ముత్తాత గార్లాండ్ గురించి వెతికిస్తోందట. ఆయన రంగూన్ రేవులో ఓడలకు దారి చూపే పైలట్. చర్చి రిజిస్టర్‌లో ఆయన కూతురి బాప్తిస్మం దొరికిందట. తల్లి పేరు రాయాల్సిన చోట ఖాళీ. ముసలివాళ్లను అడిగితే ఈ ఇల్లు చూపించారట.

మా చుట్టాల ఉత్తరాలే చింపి చూసి ఇస్తున్న రోజులవి. ఇతనికి లండన్ ఉత్తరం ఎలా చేరింది? పైగా ముత్తాత కోసం వచ్చినవాడికి ఇంట్లో ఎంతమంది ఉంటారన్న ఆరా ఎందుకు? వేగువాడేమోనని మామ్మ చెవిలో వేశాను.

"దొరా నేదు, గిరా నేదు. నానొక్కదాన్నే ఉంటన్నాను," అంది మామ్మ.

కొత్త పౌరసత్వ కార్డు అర్జీలో తల్లికి తండ్రి పేరు అచ్చయ్య అని రాయించింది. అది అబద్ధమని తేలితే కార్డు రాదు.

మహాలయ అమావాస్య మధ్యాహ్నం అతను మళ్లీ వచ్చాడు. లోపల పోయిన పెద్దలకు ఆకులు వేసి ఉన్నాయి. చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. గట్టు మీద ఇంకో ఆకు. ఉడికించిన గుడ్డు, రొట్టె ముక్క, గ్లాసుతో టీ.

"పెద్దల రోజున మన ఇళ్లల్లో నీసు ముట్టరు కదమ్మా. ఇది తినీవోడు బతికే ఉన్నాడు," అంటూ అటక వైపు చూశాడు.

"ఆ గుడ్డు నాది," అన్నాను.

"నీకు గట్టు మీద వడ్డించారా, కో సూరీ?" అన్నాడు, బర్మావాళ్లు అన్నా అని పిలిచినట్టు.

"నువ్వూరుకో సూరీ," అంది మామ్మ. "అది దొరది బాబూ. మా అమ్మకి నాయిన, గార్లాండు. గుడ్డూ రొట్టీ నేకపోతే ముద్ద దిగీది కాదంట. గోత్రం నేనోడిని మావోళ్ల పక్కన ఎలా కూకోబెడతాను? అందుకే ఏటేటా పెరట్లో ఏస్తన్నాను. రాసుకో."

అతను రాసుకున్నాడు. దొర ఏ వీధిలో ఉన్నాడు, ఏ జ్వరంతో పోయాడు, ఎక్కడ పూడ్చారు, అన్నీ చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. అటక మాట మళ్లీ ఎత్తకుండా వెళ్లిపోయాడు. మర్నాడే దాసు కుండల పడవలో నది అవతల ట్వంటే ఊరు చేరాడు.

మామ్మకు కార్డు రాలేదు. మీ అచ్చయ్య ఇంగ్లీషువాడటగా అని వార్డు ఆఫీసు గుమాస్తా నవ్వాడు. లండన్ ఆవిడ నిజంగా ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు.

"వాడు వేగులోడని నే చెప్పలేదా మామ్మా?"

"నాకు మాత్రం తెల్దేటి?" అంది, పిండి రుబ్బుతూ. "తెలిసే సెప్పాను."