నిలువుగా గీసిన పగులు

రిటైర్ కావడానికి ఐదేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని మా కన్సల్టింగ్ ఆఫీసు నన్ను వంతెనల తనిఖీకి టీమ్ లీడర్‌గా వేసింది. నా కింద అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ శ్రావ్య. గుంటూరు వాళ్ల అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది.

తనిఖీలో ఫొటోలు ఎన్ని తీసినా, కాంక్రీటు దూలంలోని ప్రతి పగులునూ చేత్తో గీయాలి. మధ్యలో నిలువు పగులైతే చాలాసార్లు గమనిస్తూ ఉంటే సరిపోతుంది. దూలం చివర ఆనే ఆధారం దగ్గర ఏటవాలు పగులైతే ప్రమాదం. అదే రోజు వంతెనల శాఖకు ఫోన్ చేసి చెప్పాలి.

నాకు గీయడం రాదు. ఇరవై ఏళ్లుగా ఆ పని జూనియర్లకు అప్పగించి నెట్టుకొచ్చాను. శ్రావ్య రోజూ లంచ్‌లో అరగంట ఏదో ఒకటి గీసేది: బోల్టు, తన బూటు, నా హెల్మెట్. ఇది డ్రాయింగ్ క్లాసు కాదని ఒకసారి అందరి ముందూ అన్నాను. అప్పటినుంచి కార్‌లో కూర్చుని గీసుకునేది.

ఏప్రిల్‌లో ఒక పాత వంతెన దగ్గర, తను అవతలి చివర కొలతలు తీస్తుండగా, ఇవతలి దూలం నేనే గీశాను. ఆధారం దగ్గరున్న ఏటవాలు పగులు నా కాగితం మీద నిలువుగా పడింది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయలేదు. పగులంటే ఎలా ఉంటుందనుకున్నానో అది గీశాను. నియమం ప్రకారం పేజీ కింద ఇద్దరి పొడి అక్షరాలూ ఉన్నాయి.

పది రోజుల తర్వాత రివ్యూ ఇంజనీరు దాన్ని ఫొటోతో పోల్చి చూసి, ఎవరు గీశారని స్పీకర్ ఫోన్‌లో అడిగాడు. శ్రావ్య ఎదురుగానే ఉంది.

"స్కెచ్‌లు మామూలుగా శ్రావ్య వేస్తుంది," అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. తను నా వైపు చూసి, తల దించుకుని లాప్‌టాప్ తెరిచింది. వంతెన మీద లారీలు ఆపేశారు. ఆమెను ఫీల్డ్ నుంచి తీసి డెస్క్‌కి మార్చారు. పదిహేను రోజులు నేను నోరు విప్పలేదు.

ఆమె పనితీరు నివేదిక సంతకానికి నా దగ్గరికే వచ్చింది. స్కెచ్‌లు నమ్మదగినవి కావని అందులో ముందే రాసి ఉంది. సంతకం పెట్టలేక, దాన్ని తీసుకుని మేనేజర్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమెను తిరిగి ఫీల్డ్‌కి పంపారు. ఆరు నెలలు నా లీడర్ హోదా తీసేశారు.

శ్రావ్యకి క్షమాపణ చెప్పాను.

"ఓకే అంకుల్. బట్ ఆ రోజు నేను రూమ్‌లోనే ఉన్నా కదా," అంది.

గీయడం ఎలా నేర్చుకోవాలని ఆమెను అడగడానికి ఇంకో వారం పట్టింది. రోజూ ఒక్క వస్తువు గీయమంది, కాగితం కన్నా ఆ వస్తువునే ఎక్కువసేపు చూడమంది.

మొదటి నెల నా బోల్టులు బంగాళాదుంపల్లా వచ్చేవి. చలికాలం వచ్చేసరికి ఏటవాలు గీత ఏటవాలుగానే పడసాగింది. ఇరవై ఏళ్లలో ఎప్పుడైనా చేయగలిగిన పనే అది. ఆ ఏడాది చివర్లో శ్రావ్య వేరే ఆఫీసుకు మారింది. కారణం నేనడగలేదు.

రాని పనిని రాదని ఒప్పుకుంటే నేర్చుకోవడానికి రోజుకు అరగంట చాలు. దాచుకుంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు మరొకరి పేరు వాడుకోవలసి వస్తుంది.