పైన కుట్టు, లోపలి కోత

పాత పేపర్ల కట్ట విప్పగానే వచ్చే మగ్గిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆ ఆదివారమే గుర్తొస్తుంది. ఇల్లు సర్దుతూ, సిజేరియన్ తర్వాత దవాఖానలో ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశాను. పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. కాగితం పోయిన సంగతి, రెండో బిడ్డ కావాలనుకుని బీరువా వెతికిన రోజు తెలిసింది.

దాని విలువ నాకు ముందే చెప్పిన మనిషి సుగుణక్క. కొత్తవాడలో మా పక్కిల్లు. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. నేను పాపతో ఇంటికొచ్చిన వారానికే వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"కాయితం దాసినవా పిల్లా?"

"ఏ కాయితం అక్కా?"

"దవాఖానోళ్లు ఇచ్చింది. లోపల అడ్డం కోసిన్రో నిలువు కోసిన్రో అండ్లనే ఉంటది. మల్ల నీళ్లోసుకుంటే డాక్టరమ్మ మొదలు అదే అడుగుతది. పైన కుట్టు జూసి లోపలి కోత చెప్పలేం."

"ఫికర్ చెయ్యకక్కా. పేపరోళ్ల ఇంట్ల కాయితం యాడికి పోతది?"

"పేపరోళ్ల ఇంట్లనే పోతది," అని నవ్వింది. మర్నాడు నా పేరు రాసిన నీలం ఫైలు తెచ్చిచ్చింది. పత్రికలో పనిచేసేదాన్ని కనుక నా వార్తల కత్తిరింపులన్నీ తేదీలవారీగా దాచుకునేదాన్ని. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం ఫైల్లో పెట్టడానికి తీరిక దొరకలేదు.

కాగితం దొరక్క, ఉత్త చేతులతోనే వెళ్లి డాక్టరమ్మకు కుట్టు చూపించాను. "పైన అడ్డంగానే ఉంది. లోపల కూడా అట్లనే ఉంటదని చెప్పలేను. లోపల నిలువు కోతైతే నొప్పులప్పుడు గర్భసంచి చిట్లొచ్చు. కాగితం లేకుండా నార్మల్ కాన్పుకు ధైర్యం చెయ్యను. ఆపరేషన్‌కు సిద్ధమైతే మొదటి నుంచి జాగ్రత్తగా చూసుకుందాం," అంది. కాగితం నకలు అడుగుదామంటే ఆ దవాఖాన మూతపడింది. డాక్టరమ్మ వద్దనలేదు. మళ్లీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కాలంటే నాకే భయమేసింది. వచ్చే ఏడు చూద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం, ఆ పై ఏడూ అదే అనుకున్నాం.

ఆ రోజుల్లోనే సుగుణక్క గోడ మీదుగా అడిగింది, "కాయితం ఉన్నది గదా?" అని. సిగ్గేసి, "ఉన్నదక్కా," అన్నాను. నిజం చెప్పి ఉంటే పక్కన కూర్చుని, వార్డులో ఎందరికో చెప్పినట్టే నాకూ ధైర్యం చెప్పేదేమో. ఆమె పోయేదాకా నా మాటే నమ్మింది.

పత్రిక డెస్కులో ఎవరైనా బయటి నుంచి చూసొచ్చి వార్త రాస్తే, పైన కుట్టు చూసి లోపలి కోత చెప్పలేమన్న సుగుణక్క మాటే చెప్పి వెనక్కి పంపేదాన్ని. నా పాప ఒక్కతిగానే పెరిగింది. నీలం ఫైలు బీరువాలో ఖాళీగా ఉంది. లోపలి కోత అడ్డమో నిలువో నాకు ఇప్పటికీ తెలియదు.