మా ఇంటి ఓనరు ఏ సుబేదార్?

జహీరాబాద్‌లో మేం అద్దెకుంటున్న ఇంటికి రావాలంటే వీధి పేరు అక్కర్లేదు. "సుబేదార్ సాబ్ ఇల్లు" అంటే చాలు, ఆటో తిన్నగా మా గుమ్మం ముందే ఆగుతుంది. ఆ సుబేదార్ సాబ్ మా ఓనరు, కింది వాటాలో ఉండే పెద్దాయన. మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం తెనాలి వైపు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా, ఆ పేరెలా వచ్చిందని నేను అడిగిన పాపాన పోలేదు. పోయిన వేసవిలో ఆయన చనిపోయాక ఆ అవసరం పడింది.

ఝరాసంగం దగ్గర చేనులో ఆయనకు సమాధి కట్టిస్తున్నారు. రాయి మీద ఏం చెక్కాలో రాసిమ్మని ఆయన కొడుకు నా దగ్గరకు వచ్చాడు. పెళ్లికి ముందు నేను సోషల్ టీచర్ని.

"పేరు కింద సుబేదార్ వంశం అని పెట్టు అక్కా. సుబేదార్ అంటే గవర్నరే గద?"

"ఒకప్పుడు గవర్నరే తమ్ముడూ" అన్నాను గొప్పగా. అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది. నిజమా కాదా చూసి రాస్తానన్నాను.

చూసేకొద్దీ బుర్ర తిరిగిపోయింది. ఢిల్లీ పాదుషాల కాలంలో సుబా అంటే ఒక రాష్ట్రం, దాన్ని ఏలేవాడు సుబేదార్. దక్కనుకు వచ్చిన అలాంటి సుబేదారొకడు ఢిల్లీ మాట వినడం మానేసి నిజాం అయి కూర్చున్నాడు. తర్వాతి నిజాములు తమ రాజ్యాన్నే సుబాలు చేసి, మళ్లీ సుబేదార్లను పెట్టారు. జహీరాబాద్ అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది, బీదరేమో గుల్బర్గా సుబాలో. అంటే మా ఓనరు తాతో ముత్తాతో గుల్బర్గాలో దర్బారు చేసి ఉండాలి. మరి మనుమడు కందిచేలో కలుపు తీయించుకుంటూ బతకడమేమిటి? పోనీ అనుకుంటే, తెల్లదొరల పటాలంలో సుబేదార్ అంటే సిపాయిల మీద చిన్న అధికారి. నేటి సైన్యంలోనూ అంతే. రాష్ట్రాలేలిన మాట చివరికి కవాతు మైదానంలో తేలింది. ఇద్దరిలో మనవాడెవరు?

"పల్టన్ల మావోళ్లు ఎవలు లేరక్కా" అన్నాడు కొడుకు.

రాయికోడ్ నుంచి వచ్చిన అతని మేనత్త నవ్వింది. "మా నాయిన సుబేదారా? ఎవలు చెప్పిన్రు? మా నాయిన పటేల్ తాన ఎడ్లు కాసుకుంట జీతం ఉండె. అన్న కష్టపడి భూమి కొన్నడు గని."

కొడుకు ముఖం మాడిపోయింది. గవర్నరు పోయాడు, సిపాయి పోయాడు. మిగిలింది ఎవరో నాకు అంతు చిక్కలేదు. చదువుకున్నదాన్నన్న పరువు పోతోందని ఒళ్లు మండింది కూడా.

పెద్దాయన భార్య చిక్కుడుకాయలు తుంచుతూ అంతా వింటోంది. ఆమెను నేను పెద్దమ్మా అంటాను.

"ఎందుకు గంత పరేషాన్ అయితున్రు? ఆ పేరు నేనే పెట్టిన" అంది.

మేం ముగ్గురం ఆమెవైపు తిరిగాం.

"పెనిమిటి పేరు నోట్లకెల్లి రావద్దని మా అత్త కట్టడి. ఆయనేమో కూసున్నకాడికే చెంబు తే, చెప్పులు తే అని హుకుం జేస్తుండె. మా తల్లిగారింటి కాడ గసొంటోళ్లను సుబేదార్ అంటరు. బాయికాడ ఆడోళ్లతోని, మా సుబేదార్ సాబ్ లేచిండు, పోత అంటుంటి. వాళ్లు నవ్విన్రు. వాళ్ల మొగోళ్లకు చెప్పిన్రు. గల్లీ అంత గదే పట్టుకున్నది."

నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. ఇలాంటిది ఉంటుందని నాకు తట్టనే లేదు.

"గట్లైతే రాయి మీద ఆ మాట వద్దక్కా, నవ్వుతరు. ఉత్త పేరు పెట్టు" అన్నాడు కొడుకు. అమ్మయ్య, పీడ వదిలిందనుకుని ఆ మాట కొట్టేశాను.

పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఆయన అసలు పేరు మీ అందరిది బిడ్డా. ఇన్నేండ్ల సంసారంల నేను ఒక్కపారి గూడ పిలువలే. గా రాయి మీద నా మాట లేకుంటే, గాడ పండుకున్నోడు నాకెవలు?"

కొడుకు కాగితం నా వైపు జరిపాడు. వంశం మాట వదిలేసి సుబేదార్ అని మళ్లీ రాశాను, ఈసారి పేరుకంటే ముందు.