నూనెలో దిగిన నీటి చుక్కలు

మా ఆయన నిద్ర కోసం నేను కంప్యూటర్ని నూనెలో ముంచాను. చెబితే నవ్వుతారు. అమీర్‌పేటలో మాది ఒక్క పడకగది అద్దె ఇల్లు. ఆయన పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ నైట్ డ్యూటీయే. పగలు ఆయన పడుకునే గదిలోనే నేను కృష్ణానగర్ కుర్రాళ్ళ షార్ట్ ఫిల్ములకు గ్రాఫిక్స్ చేస్తాను. కంప్యూటర్ ఫ్యాన్లు మిక్సీలా అరిచేవి. నిద్ర చాలక ఒక సాయంత్రం డ్యూటీకి వెళ్తూ, బండి మీదే కళ్ళు మూతలు పడి డివైడర్‌ని రాసుకుంటూ పడ్డారు. మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. అప్పటినుంచి ఆయన బండి స్టార్ట్ చేస్తే చాలు, నాకు గుండె గుభేలుమంటుంది.

అందుకే ఒక చేపల తొట్టి కొని, మదర్‌బోర్డునీ కార్డులనీ అందులో నిలబెట్టి, మునిగేదాకా లిక్విడ్ పారాఫిన్ నూనె పోశాను. ఆ నూనెలో కరెంటు పారదు, వేడిని మాత్రం లాగేసుకుంటుంది. ఫ్యాన్లు పీకి పారేశాను. గది నిశ్శబ్దమైంది, ఆయనకు నిద్ర పట్టింది. నాకే మనశ్శాంతి పోయింది. ఎక్కడ కారుతుందో, ఎక్కడ కాలుతుందో అని, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు మాటిమాటికీ గాజు మీద చెయ్యి పెట్టి వేడి చూసేదాన్ని.

పండక్కి మా ఇంటికి వచ్చిన అత్తయ్యగారు దసరా రోజు నా కంప్యూటర్‌కి పూజ చేస్తానని కుంకుమ, పూలు, చెంబుతో నీళ్ళు తెచ్చారు. ఆవిడది నేతపని ఊరు. అక్కడ మరమగ్గాలను సాంచలంటారు, పండగనాడు ఆపి పూజ చేస్తారు. పండగని ఆసుపత్రిలో బదులు మనిషి ఆలస్యంగా రావడంతో ఈయన అప్పుడే వచ్చి పడుకున్నారు.

"జర ఆపు బిడ్డా. నడిచేదానికి పూజ చెయ్యరు," అన్నారు అత్తయ్యగారు.

సాయంత్రానికి ఇవ్వాల్సిన వీడియో అందులో తయారవుతోంది, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. కుదరదన్నాను, కాస్త విసురుగానే. పూజ మానేయడం మాత్రం ఆవిడ వల్ల కాదు. గాజుకు బొట్టు పెట్టారు. హమ్మయ్య అనుకుని నేను ఫోన్ చూసుకుంటుంటే, మూత జరిపి, పువ్వుతో నీళ్ళు చిలకరించారు.

నూనెలో నీళ్ళు తేలవు. చుక్కలు మెరుస్తూ, తాపీగా కిందికి దిగుతున్నాయి. కింద కరెంటు పారుతున్న బోర్డు. ఒక చుక్క బోర్డును తాకబోతుంటే స్విచ్ ఆపేశాను. పని పోతే పోయింది. చుక్కలు వెళ్ళి సందుల్లో కూర్చున్నాయి. వాటిని లాగగల చేతులు ఆ ఇంట్లో ఒక్కరివే. ఎవరి నిద్ర కోసం ఇదంతా కట్టానో ఆయన్నే నిద్ర లేపాను.

ఆయన సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, నరం వెతికినట్టు వెతికి ఒక్కో చుక్కనూ లాగారు. తర్వాత నూనె దించాం, బోర్డు ఆరబెట్టాం. మళ్ళీ నూనె పోసి స్విచ్ వేస్తే కంప్యూటర్ బతికింది. అప్పటికి డ్యూటీ టైమయింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఏం ఫర్వాలేదంటూ బండి తాళం కోసం వెతుకుతున్నారు. నాకు ఏడుపొచ్చింది.

తాళం దేవుడి పటాల ముందుంది, పూల కింద. దాన్ని తీయబోతే అత్తయ్యగారు అడ్డుపడ్డారు. "ఇయ్యాల బండి సుత ఆగాలె. మెట్రోల పో."

ఆయన గొణుక్కుంటూ మెట్రోకి నడిచి వెళ్ళారు. పండగనాడు బండి తీయకూడదని నిజంగా ఉందా అని అడిగాను.

"సాంచలకే ఉన్నది," అన్నారు ఆవిడ, తాళం కొంగున ముడేసుకుంటూ. "బండికి ఆ పద్ధతి నేనే వెట్టిన. ఫికర్ నీకొక్కదానికేనా?"