సుంకం లేని బోగీలు

2024 వేసవి. విజయవాడ సత్యనారాయణపురంలో నాకు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉన్నా, స్ట్రోక్ వచ్చినవాళ్లకు మాత్రం ఇంటికే వెళ్లి వ్యాయామం చేయిస్తాను. అలా వెళ్లిన ఇళ్లలో సామ్యూల్ గారిది ఒకటి. గూడ్స్ బండ్లకు గార్డుగా చేసి రిటైరైన మనిషి. స్ట్రోక్ తర్వాత కాలు త్వరగానే దారికొచ్చింది. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని కూర్చుంది.

నేను నోరున్న మనిషిని. ఆయన నాకంటే మొండి. వేళ్లకు బలం రావడానికి థెరపీ పుట్టీ అని ఒక మెత్తటి ముద్ద ఇస్తాం, పిసుకుతూ ఉండాలి. "జెండాలు పట్టిన చెయ్యమ్మా ఇది. పిండి పిసకమంటే పిసుకుతుందా?" అని దాన్ని పక్కకు తోసేసేవారు.

నా భయం నాది. లెర్న్‌డ్ నాన్‌యూజ్ అంటాం మేము. తిండీ సంతకమూ అన్నీ ఎడమ చేత్తోనే కానిచ్చేస్తుంటే, ఇక నాతో పని లేదులే అని కుడి చెయ్యి ఊరుకుంటుంది. మొదటి నెలల్లో లేపకపోతే తర్వాత లేపడం చాలా కష్టం. ఆయనకు ఆ నెలలే గడిచిపోతున్నాయి.

ఆయన ప్రాణమంతా హాల్లో పెద్ద బల్ల మీద ఉండేది. వేలెడు వెడల్పు లేని పట్టాలు, ఒక స్టేషన్, ఒక వంతెన. మోడల్ రైళ్ల సరదా ఆయనది. ఉన్న ఒక్క ఇంజినూ కాలిపోతే, జర్మనీ నుంచి కొత్తది తెప్పించుకున్నారు. కస్టమ్స్‌లో ఆపేశారు. దాన్ని బొమ్మల కింద లెక్కగట్టారట. బొమ్మల మీద దిగుమతి సుంకం అప్పటికే బాగా పెంచారు. పైగా పిల్లలకు ప్రమాదం లేదని సర్టిఫికెట్ కూడా కావాలన్నారు. "ఆడుకునేది నేనండీ, నాకు అరవై ఆరేళ్లు" అని ఈయన మెయిల్ పెట్టించారు. చెయ్యి పడిపోయిన సంగతి కూడా రాయించారు.

"సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టుంది మీ పని," అన్నారు ఆయన భార్య కరుణమ్మ గారు. పార్సిల్ వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

ఆ వారం ఆయన నాకు చెయ్యి కూడా ఇవ్వలేదు. "ఇంజిన్ వస్తే ఈ చేత్తోనే పట్టాలెక్కిద్దామనుకున్నా డాక్టరమ్మా. ఇప్పుడిది బాగుపడి ఏం చెయ్యాలి?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. టీపాయ్ మీద ఎవరిదో పెళ్లి శుభలేఖ కనిపించింది. మంచి దళసరి అట్ట. తీసి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఇంజిన్‌కి సుంకం గానీ, అట్ట బోగీకి లేదుగా. చెయ్యండి."

"ఎడమ చేత్తోనా?"

"ఎడమ చెయ్యి అట్టను పట్టుకుంటుంది, అంతే. మడవడం, అంటించడం కుడి చేత్తోనే. లేదంటే రేపటినుంచి నేను రాను."

"బెదిరిస్తున్నారా?"

"అవునండీ."

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అట్ట అంచును నొక్కి పట్టుకోవాలి. మేము పించ్ గ్రిప్ అనేది అదే. పుట్టీతో నేను చేయించలేకపోయిన పని, గమ్ము ఆరేదాకా ఆయనే పళ్లు బిగబట్టి చేసుకునేవారు. చక్రాలు మాత్రం విరిగిపోయిన పాత బోగీల నుంచి తీసినవి. మొదటి బోగీ తయారయ్యాక కరుణమ్మ గారు చూసి, "తాగొచ్చినట్టుందేంటండీ ఇది?" అన్నారు. ఆయన నవ్వారు. ఆ తర్వాతవాటికి కిటికీలు వచ్చాయి.

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చారు. "చొక్కా బొత్తాలు కుడి చేత్తో ఆయనే పెట్టుకున్నారమ్మా. ఒకటి తప్పిపోయింది, నేను సర్దలేదు." ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

హనుమాన్ జంక్షన్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టున్న ప్రసాద్ గారిదీ ఇదే సరదా. సుంకం పెరిగాక వీళ్లలో చాలామంది కొత్తవి తెప్పించడం మానేసి, ఉన్నవే ఒకరికొకరు మార్చుకుంటున్నారట. సామ్యూల్ గారి సంగతి విని, ప్రసాద్ గారు స్వీట్ల డబ్బాలో దూది పెట్టి తన పాత ఇంజిన్ ఒకటి తెచ్చారు.

"డబ్బులొద్దండీ. నాకు రెండు గూడ్స్ బోగీలు చేసివ్వండి."

"వంకరగా వస్తాయండీ, చెయ్యి ఇంకా వణుకుతోంది."

"మీరు గార్డుగా వెళ్లిన గూడ్స్ బండ్లేమన్నా నున్నగా ఉండేవా?"

ఇంజిన్ వెనక అట్ట బోగీలు తగిలించి బండి వదిలారు. వంతెన దాటింది. వంపు దగ్గర చివరి బోగీ పట్టాలు తప్పి పక్కకు ఒరిగింది. నేను చెయ్యి చాచాను.

"ముట్టుకోకండి డాక్టరమ్మా. అది నా ఎక్సర్‌సైజు," అన్నారు.

కుడిచేతి రెండు వేళ్లతో బోగీని ఎత్తి, ఒక్కో చక్రాన్నీ పట్టా మీద కూర్చోబెట్టారు. చాలాసేపు పట్టింది. బండి కదిలాక, ఇన్నాళ్లుగా బిగబట్టిన ఊపిరి వదిలాను.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా, పుట్టీ బయటికి తీసేముందు ఒక మాట అడుగుతున్నాను: ఈ చేత్తో మీకు ఏం చెయ్యాలనుంది? జవాబు దొరికితే సగం వైద్యం అయిపోయినట్టే.

ఆ వంపు దగ్గర పట్టా సరిచేసేస్తానని మొన్న ఫోన్ చేశారు సామ్యూల్ గారు. ఇంకో నెల బోగీలు అక్కడ పడనివ్వండి అన్నాను.