బ్రేకు మేడం ఇంగ్లీషు పరీక్ష

డ్రైవింగ్ స్కూల్లో ఆవిణ్ణి అందరూ బ్రేకు మేడం అనేవారు. నేర్చుకునేవాళ్ళ కారులో, నేర్పేవాళ్ళు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పక్కవాడు తప్పు చేయబోతున్నాడని తోచగానే ఆవిడ కాలు దాని మీద పడేది. చేశాక కాదు, చేయబోయే ముందే. ఏళ్ళ తరబడి అదే పని చేయడంతో ఆ అలవాటు కాలి నుంచి నోటికి పాకింది. ఎవరు ఏం మొదలుపెట్టినా సగంలో ఆపేసి, మిగతా సగం తనే పూర్తి చేసేది. భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. పెళ్ళయిన కొత్తలో బాగానే మాట్లాడేవాడు. పోనుపోను ఒక్క "ఊఁ"తో సరిపెట్టుకోవడం నేర్చుకున్నాడు. "మా ఆయన పుట్టు మౌని కాదు, నా చేతిలో పడి అలా అయ్యాడు" అని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది.

అలాంటి మనిషికి ఇంగ్లీషు వినే పరీక్ష వచ్చి పడింది.

విమానాశ్రయంలో ప్రయాణికుల్ని విమానం మెట్ల దాకా చేర్చే బస్సులుంటాయి. వాటి డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అక్కడ వైర్‌లెస్‌లో ఆదేశాలన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి, నిబంధనల పుస్తకమూ ఇంగ్లీషులోనే ఉంటుంది. అందుకని, విని అర్థం చేసుకోవడం, చదివి అర్థం చేసుకోవడం, ఈ రెండింట్లోనూ పరీక్ష నెగ్గి రమ్మన్నారు.

"వినడమేగా! మనం నోరు తెరిచే పనే లేదు" అని ఆవిడ ధీమాగా దరఖాస్తు పెట్టేసింది. నోరు తెరవకుండా ఉండటమే అసలు పరీక్ష అని అప్పటికి తట్టలేదు.

రోజూ డ్యూటీ దిగి వచ్చాక భోజనాల బల్ల మీద ఫోను పెట్టుకుని పాఠాలు వినేది. ఒక పెద్దమనిషి హోటల్‌కు ఫోను చేస్తాడు. సముద్రం వైపు గది ఉందా అని అతను అడగ్గానే, ఆవిడ "సముద్రం వైపు" అని టిక్కు పెట్టేసి టీ కలుపుకోవడానికి లేచేది. ఈలోగా ఆ పెద్దమనిషి, అటువైపు హోరుకు నిద్ర పట్టదని విని, వీధి వైపు గదికి మారిపోయేవాడు. జవాబులు సరిచూసుకుంటే అన్నీ తప్పులే.

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అని ఫోన్‌ను తిట్టేది.

చదివే భాగం ఇంకా అన్యాయం. తేనెటీగల మీద వ్యాసమిస్తే బోలెడు మార్కులొచ్చాయి. తడిసిన రోడ్డు మీద బండి ఎందుకు జారుతుందన్న వ్యాసమిస్తే, ఇంకేం, పంట పండిందనుకుంది. వ్యాసం వైపు కన్నెత్తి కూడా చూడకుండా జవాబులన్నీ రాసేసింది. సున్నా. వ్యాసంలో ఏముందో రాయమంటే, ఏముండాలో రాసి వచ్చింది మరి.

"ఏమండీ, నాకు తెలియని సంగతైతేనే నాకు బాగా వస్తోంది" అంది భర్తతో.

"ఊఁ" అన్నాడాయన.

పరీక్ష రోజు రానే వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు, మళ్ళీ అడిగేది లేదు. అందులో ఒకావిడ ఎవరికో గ్రంథాలయానికి దారి చెబుతోంది. నేరుగా వెళ్ళు, చౌరస్తా వస్తుంది, అంటోంది. బ్రేకు మేడం కళ్ళ ముందు రోడ్డు పరుచుకుంది. ఎవడో కుర్ర డ్రైవరు అద్దం చూసుకోకుండా మలుపు తిప్పుతున్నట్టే అనిపించింది.

"లెఫ్టు! అద్దం చూసుకో!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచి, కాలు బలంగా తొక్కింది. ముందు కుర్చీ అదిరింది. అందులో కూర్చున్నాయన పెన్సిలు ఎగిరి ఎక్కడో పడింది.

పరీక్షాధికారి పరిగెత్తుకొచ్చాడు. "మేడం, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"డ్రైవర్‌తోనండీ" అంది ఆవిడ, నిజం నోటి నుంచి జారిపోయి.

హాలు గొల్లుమంది. ఆ గందరగోళంలో రికార్డింగు ఆవిడ గ్రంథాలయం దాటి, పార్కు దాటి ఎటో వెళ్ళిపోయింది. బ్రేకు మేడం మాత్రం చౌరస్తాలోనే మిగిలిపోయింది. ఫలితం చూసుకోనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి జరిగిందంతా నటించి మరీ చూపించింది. భర్త కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఎవరో నవ్వేలోపు తనే నవ్వేసుకుంటే బాధ తక్కువని ఆవిడ లెక్క. కానీ మర్నాడు వంటింట్లో అత్తగారి పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే ఆ లెక్క తప్పింది.

"నావల్ల కాదు అత్తయ్యా. ఇక మానేస్తాను."

అత్తగారికి ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిడ బఠాణీ కాయ చిదుపుతూ, "మానేద్దువుగాని లేవే. ఆ హోటలాయన చివర్లో ఎందుకు నవ్వుతాడో అది చెప్పు ముందు" అంది.

"ఏ హోటలాయన?"

"రోజూ నీ ఫోన్లో మాట్లాడతాడే, కంగారు మనిషి. పాపం, మొదట్లో బితుకుబితుకుమంటాడు, చివర్లో హాయిగా నవ్వుతాడు. ఎందుకే?"

కోడలికి తెలియదు. చివరిదాకా ఎన్నడైనా వింటేగా! చేతులు తుడుచుకుని ఫోను పెట్టింది. మధ్యలో నోరు తెరవబోతే అత్తగారు చెయ్యెత్తి ఆపింది. మొదటిసారి ఆ సంభాషణ ఆసాంతం విన్నది.

"తన కుక్కను కూడా తెచ్చుకోవచ్చా అని అడిగాడు అత్తయ్యా. సరేనన్నారు. అందుకూ నవ్వు."

"అదీ!" అని అత్తగారు తృప్తిగా తలాడించింది. "ఇంకోటి పెట్టు."

ఆ రోజు నుంచి అదే వరస. విన్నదంతా అత్తగారికి కథలా చెప్పాలి. సగం విని, మిగతాది కల్పించి చెబితే దొరికిపోయేది. ఒకసారి ఒకమ్మాయి స్నేహితురాలికి పెళ్ళి కబురు చెబుతోందని చెప్పేసింది.

"పెళ్ళి కబురా? ఆ పిల్ల గొంతులో ఏడుపుంటేనూ!"

మళ్ళీ పెట్టి వింటే, పెళ్ళికి బయల్దేరిన పిల్ల రైల్లో పెట్టె పోగొట్టుకుందట. బ్రేకు మేడం నెత్తి కొట్టుకుంది. వ్యాసాలూ అలాగే చదివి చెప్పడం మొదలుపెట్టింది. "ఇది అందులో రాసుందా, నువ్వంటున్నావా?" అని అత్తగారు ఊరికే అడిగే ప్రశ్నకు జవాబు చెప్పబోయి, చాలాసార్లు నాలిక కరుచుకుంది.

రెండోసారి పరీక్షకు వెళ్ళినప్పుడు కాళ్ళు రెండూ మెలివేసుకుని, ఎడమ చేత్తో నోరు మూసుకుని కూర్చుంది. పరీక్షాధికారి ఆవిణ్ణి గుర్తుపట్టి, ముందు కుర్చీ ఖాళీగా ఉంచాడు. చదివే భాగంలో బాగానే వచ్చాయి. వినే భాగంలో మాత్రం అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

"గీత మీద నిలబడ్డానండీ, అయినా దాటానుగా" అని దుకాణానికి ఫోను చేసింది. ఆయన "ఊఁ" అనలేదు. "సాయంత్రం త్వరగా వచ్చేస్తా" అన్నాడు. ఆ వాక్యం ఆయన్నే పూర్తి చేయనిచ్చింది.

ఉద్యోగంలో చేరిన రోజు, విమానాల రొదలో వైర్‌లెస్‌లోంచి గరగరమంటూ ఏదో వినిపించింది. పాఠాల్లోని శుభ్రమైన గొంతులకూ దానికీ పోలికే లేదు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన డ్రైవరు ఈ కొత్త టీచరమ్మ ఏం చేస్తుందా అని చూస్తున్నాడు.

"ఏమన్నాడు బాబూ?" అనడిగింది.

"నాక్కూడా తెలీలేదు మేడం. మళ్ళీ చెప్పమని అడిగితే చెప్తారు."

"అడగొచ్చా?" అంది ఆవిడ, నమ్మలేనట్టు. మీట నొక్కి అడిగింది. అవతలి మనిషి విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు.