వచ్చే దారి, పోయే దారి

సేవ్ బటన్ నొక్కే ముందు మనిషి చొక్కా పై గుండీ పెట్టుకోవడం నాగరికతా చరిత్రలో ఏనాడు మొదలైందో తేల్చవలసిన పండితులు ప్రస్తుతం వేరే పనుల్లో ఉన్నారు. పార్సిల్ ఆఫీసులో మాత్రం ఆ సంప్రదాయాన్ని నెలకొల్పినవాడు సెట్టింగులాయన. ఆయన చెయ్యి మెడ దగ్గరికి వెళ్లిందంటే చుట్టుపక్కల కుర్చీలు కిర్రుమనడం మానేసేవి.

ఆయన ఉద్యోగం రెండు దారులు కాయడం. దుకాణాల కంప్యూటర్ల నుంచి ఆర్డర్లు లోపలికొచ్చే దారి ఒకటి. "మీ సరుకు బయల్దేరింది" అన్న కబురు ఇక్కణ్నుంచి బయటికెళ్లే దారి ఇంకొకటి. దేని చిరునామా దానికివ్వాలి: లోపలి గడిలో ఆఫీసుది, బయటి గడిలో దుకాణానిది. ఆ రోజు కలపవలసింది సాక్షాత్తూ ఆయన బావమరిది నడిపే సైకిల్ సామాన్ల దుకాణాన్ని. సాయంత్రంలోగా కబుర్లు అందకపోతే సరుకెక్కడుందని మళ్లీ ఫోన్లే గతి అని బావమరిది ముందే చెప్పేశాడు. అదే జరిగితే అత్తారింట్లో ఈయన ప్రతి ముద్దకీ ఒక చురక నంజుకోవాల్సిందే.

గుండీ పెట్టాడు, నొక్కాడు. పచ్చ దీపం. పంపిన ప్రతి కబురుకీ "అందింది" అని జవాబు. మేనేజరు వచ్చి భుజం తట్టి, మిగతా దుకాణాలన్నీ ఈయనకే అప్పగిస్తానని అందరూ వినేలా అన్నాడు. ఆ తర్వాత సెట్టింగులాయన కాళ్లు నేలకి ఆనలేదు.

మధ్యాహ్నం బావమరిది ఫోను.

"బావా, నీ కబుర్లు ఎక్కడిదాకా వచ్చాయో కాస్త ఎదురెళ్లి చూడమంటావా?"

"ఇక్కడ పచ్చగానే ఉందిరా."

"అక్కడ పచ్చగా ఉంటే నాకేం ఒరిగింది? అక్కకి చెప్పమంటావా?"

అక్క మాట వచ్చేసరికి ఈయన కళ్లు స్క్రీనుకి అతుక్కుపోయాయి. చూస్తే రెండు గళ్లలోనూ ఒకటే చిరునామా, తమ ఆఫీసుదే. పొద్దున లోపలి గడిలోది కాపీ చేసి బయటి గడిలో పడేసి, టీ తాగొచ్చి మారుద్దాం అనుకున్నాడు. టీ బాగుంది. అప్పట్నుంచీ ఆఫీసు తనకు తానే కబుర్లు పంపుకుని, ఎంతో మర్యాదగా తనే అందుకుంటోంది.

గుట్టుచప్పుడు కాకుండా మార్చేయొచ్చు. కానీ తట్టించుకున్న భుజం ఇంకా వెచ్చగానే ఉంది. మేనేజరు గదిలోకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, దుకాణాలు ఇంకా ఈయనవేనని, టీ మాత్రం సేవ్ నొక్కాకే తాగాలని తీర్పిచ్చాడు.

చిరునామా మారింది, పొద్దుట్నుంచీ దారి తప్పిన కబుర్లన్నీ మళ్లీ బయల్దేరాయి. పొద్దు వాలకముందే బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. పెడళ్ల పెట్టె బయల్దేరిందని కబురొచ్చిందట. ఇక ఫోన్లతో పనిలేదని పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.

ఆ పెట్టె ఆ రోజు పొద్దున్నే దుకాణానికి చేరిపోయింది. కబురు అందేసరికే సగం పెడళ్లు అమ్ముడుపోయాయి.